అర అడుగు

ఆపా నవారు మంచాన్ని ఆటో పైన తలకిందులుగా కట్టేశారు. నాలుగు కాళ్లూ ఆకాశం వైపు లేచి ఉన్నాయి. ఆటో నడిపే మాల్యాద్రి తాడు చివర పళ్లతో పట్టుకుని ముడి బిగిస్తున్నాడు.

ఇంటి నుంచి ఫోన్ రాగానే దుకాణం షట్టర్ సగం దించి వచ్చాను. శుక్రవారం, పదిన్నర దాటింది. అప్పటికే మూడు గుమ్మాల్లో మనుషులు నిలబడి చూస్తున్నారు. మార్కాపురంలో ఒక ఇంట్లోంచి మంచం బయటికొస్తే ఆ వీధికి ఆ రోజుకు వేరే కాలక్షేపం అక్కర్లేదు.

ఆపా, అంటే మా అక్క జులేఖా, పలకరాతి అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒకే ఒక మూట. నన్ను చూసి కూడా తల తిప్పలేదు.

"ఏంది ఆపా ఇది?"

మూట ముడి బిగించుకుంది. మాల్యాద్రిని అడిగాను. బేస్తవారిపేటకు బాడుగ మాట్లాడిందనీ, తాను రెండుసార్లు చెప్పిచూశాననీ, ఇంటి తగాదాల్లోకి తనను లాగొద్దనీ అన్నాడు.

బేస్తవారిపేటలో ఆమె మరిది ఉన్నాడు. ఇరవై రెండేళ్ల క్రితం, భర్త పోయి, ఇల్లు కదలకూడని ఇద్దత్ గడువు ముగిశాక, ఆ ఇంటి నుంచి ఇదే మంచంతో మా ఇంటికి వచ్చింది. నా భార్య అంతకు నెల ముందే పోయింది. మూడేళ్ల ఇర్ఫాన్‌ను నా చేతుల్లోంచి తీసుకుని ఆ మంచం మీద పడుకోబెట్టింది. ఆ తర్వాత మరిది ఇంటికి రెండేసార్లు వెళ్లింది. రెండూ చావులకే.

"నిన్ను ఎవరు పొమ్మన్నారు?"

"ఎవరూ పొమ్మనలేదు. జాగా పొమ్మనింది."

"జాగాకు నోరుంటాదా?"

"మీ ఇంట్లో ఉంది."

ఇరవై రెండేళ్లలో ఆమె నోట 'మీ ఇల్లు' అనే మాట నేను వినలేదు. మంచం వైపు చూశాను. నవారు తప్ప ఏమీ లేదు. ఆపా బొంత పరచకుండా పడుకోదు. పాత చీరలు పొరలుగా పెట్టి తానే కుట్టుకున్న బొంతలు నాలుగున్నాయి. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ పరుపులు అమ్ముతున్నాను, ఆమె చేత ఒక్క పరుపూ వేయించలేకపోయాను. బొంతలు మరిచిపోయావేమని అడిగాను.

"ఎండాకాలం కదా," అని ముఖం అటు తిప్పుకుంది.

మాల్యాద్రితో, నేను చెప్పేదాకా బండి కదిలితే ఈ వీధిలోకి మళ్లీ రానివ్వనని చెప్పి లోపలికి వెళ్లాను.

మధ్య గదిలో ఇర్ఫాన్ కొత్త మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతులు కట్టుకుని, కాళ్లు పైకి లాక్కుని. గోడకు ఆనుకుని వడ్రంగి దేవదానం, పనిముట్ల సంచి పాదాల దగ్గర పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడ్డాడు. ఆ మంచం చేసినవాడు అతనే. తర్లుపాడు నుంచి పొద్దున్నే వచ్చాడంటే ఎవరో పిలిచి ఉండాలి. నేను పిలవలేదు.

"నేనే పిలిచినా," అన్నాడు ఇర్ఫాన్. "పార్టిషన్ తీసేయమని."

ప్లైవుడ్ పార్టిషన్. రెండు నెలల క్రితం, వీడి పెళ్లికి వారం ముందు, ఆ గది మధ్యలో నేనే కొట్టించాను. గది ఉత్తర దక్షిణాలుగా తొమ్మిది అడుగులు, తూర్పు పడమరలుగా పదకొండు. ఆ పదకొండులో ఎనిమిది కొత్త జంటకు, పడమటి పక్క మూడు ఆపాకు. ఆ మూడులో ఆమె మంచం రెండున్నర. మిగిలిన అర అడుగులో ఆమె లేచేటప్పుడు కాళ్లు కింద పెట్టుకుంటుంది.

కొలతల మీద బతికేవాణ్ని కాబట్టి ఇవన్నీ నాకు నోటికి వచ్చు. మంచం కొనేవాడు మంచాన్ని చూస్తాడు. అమ్మేవాడు గదిని చూడాలి. కొనకనమిట్ల నుంచి వచ్చినా గిద్దలూరు నుంచి వచ్చినా ముందు అడిగేది ఒకటే: పెద్దది చూపించు భాయ్. నేను చూపించను. టేపు తీసుకుని వాళ్లింటికి పోతాను. మంచం ఎంత వస్తుందో అంత మా ఊరి బలపంతో నేల మీద గీస్తాను. ఇంటామెను ఆ గీత చుట్టూ నడవమంటాను, తలుపు తీయమంటాను, బీరువా తెరవమంటాను. ఆమె పాదం గీత తొక్కితే ఆరడుగులు ఐదవుతుంది, ఐదు నాలుగవుతుంది. అంతా కుదిరాక, తల పెట్టే వైపు గోడ మీద 'తల' అని రాసి వస్తాను. అట్లా ఇచ్చిన మంచం ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు.

నా ఇంట్లో మంచమే తిరగబడింది.

మంగళవారం దించారు. టేకు మంచం, ఆరడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు, తలబోర్డు కలిపితే ఏడు. మా ఉద్దేశం ప్రకారం చక్కగా కూర్చుంది. బుధవారం తెల్లవారుజామున నమాజుకు లేచిన ఆపా, తలుపు సందులోంచి చూసి అక్కడే నిలబడిపోయింది. కొడుకూ కోడలూ తల తూర్పుకు పెట్టి పడుకున్నారు. నాలుగు కాళ్లూ పడమటికి, మేం నమాజుకు ముఖం తిప్పే ఖిబ్లా వైపు చాచి ఉన్నాయి. ఆ దిక్కుకు కాళ్లు పెట్టడం మాలో తప్పు.

ఆ రోజే మంచాన్ని అటు నుంచి ఇటు తిప్పారు. తల పడమటికి వచ్చింది. కాళ్ల సంగతి తీరింది. కానీ తలబోర్డు పోయి పార్టిషన్‌కు తగిలింది. ప్లైవుడ్ మందం ముప్పాతిక అంగుళం. అటు పక్క ఆపా దగ్గితే ఇటు పక్క దిండు అదురుతుంది. ఇటు పక్క గుసగుసలాడితే అటు పక్క వినపడుతుంది. కోడలు షాహీన్ ఆ రాత్రి నోరు తెరవలేదట. మరునాడు పగలు కూడా తెరవలేదు.

మిగిలింది ఒక్కటే దారి, తల దక్షిణానికి పెట్టడం. అట్లా తిప్పితే ఎనిమిదడుగుల్లో మంచం ఆరు తింటుంది, పక్కన రెండు మిగులుతుంది. తలుపు రెండున్నర, తెరుచుకునేది లోపలికి. బయటికి తెరిచేట్టు మారుద్దామంటే బయట మిద్దె మెట్లు. అంటే అర అడుగు తక్కువ. ఆ గదిలో అర అడుగు ఖాళీగా ఉన్నది ఒక్క చోటే.

"ఆపాను ఏమన్నావురా?"

"ఏమన్లేదు."

"దేవదానం, వీడేమన్నాడు?"

తాను అప్పుడే వచ్చానని, సంచి కూడా విప్పలేదని దేవదానం నేలకు చెప్పాడు.

వంటింటి గుమ్మం దగ్గర నుంచి షాహీన్ మాట వినిపించింది. పెళ్లయి వచ్చాక ఆ పిల్ల నాతో గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఆపాను మొగుడిలాగే తనూ ఫుప్పి, మేనత్త, అంటుంది.

"నేను చెప్తా మామా. ముందు ఆ అర అడుగు ఇయ్యమన్నాడు. ఇస్తే కాళ్లు యాడ పెట్టుకోవాలి నాయనా అని ఫుప్పి అడిగింది. దానికి, 'నీ మంచం తీస్తే మా మంచం తిరుగుతాది' అన్నాడు. ఆమె లేచింది. పోయి ఆటోకు ఫోన్ చేసింది."

నా చెయ్యి లేచింది. ఇరవై అయిదేళ్లవాడు, నాకంటే నాలుగంగుళాలు పొడుగు. అయినా లేచింది. వాడు తల వంచలేదు, పక్కకు జరగలేదు.

"కొట్టు నాయనా. కొట్టినా గది పెరగదు."

చెయ్యి దానంతట అదే దిగింది. కోపం దిగలేదు.

"ఆమె ఎత్తుకుని పెంచితే ఇంత పొడుగైనావు."

"నేను కాదన్నానా? తొమ్మిదేళ్లు ఆ మంచంలో సగం మీద పడుకున్నా. పక్కకు తిరగాలంటే ఆమెను లేపాల. మోకాళ్లు ముడుచుకునే పెరిగినా. పెళ్లయినాకన్నా కాళ్లు చాపుకుందామనుకున్నా. అది తప్పా?"

"ఆ మంచం ఎంతరా?"

"రెండున్నర."

"నీకు పదిహేను అంగుళాలు వచ్చినాయంటే ఆమెకు ఎన్ని వచ్చినాయి? మిగతా సగం మీద పడుకున్నది ఎవరు? దుకాణంలో నా పక్కన కూర్చుంటావు, కూడికలు చేస్తావు, ఈ లెక్క రాలేదా నీకు?"

వాడు గోడ వైపు చూశాడు.  బయట మాల్యాద్రి ఒకసారి హారన్ కొట్టాడు, తప్పు చేసినవాడిలా వెంటనే ఆపేశాడు.

నాకు ఇంకొకడి మీద కోపం కావలసి వచ్చింది. దేవదానం మీదకు తిరిగాను. ముప్పై ఏళ్ల నుంచి నాతో పని చేస్తున్నవాడివి, మా ఇంట్లో పెరుగన్నం తిన్నవాడివి, ఒక తురకల ఇంట్లో మంచం దించుతూ కాళ్లు పడమటికి ఎట్లా పెట్టావు, మొదటి రోజే సరిగ్గా పెట్టి ఉంటే ఈ రోజు వచ్చేదా అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. అతను అంతా విన్నాడు. సంచి పట్టుకుని ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నువ్వు గీసిన చోట పెట్టినా భాయ్," అన్నాడు.

"నేనా?"

షాహీన్ లోపలికి వచ్చింది. తూర్పు గోడ దగ్గర నిలబడి, మోకాలి ఎత్తులో ఒక చోట వేలు పెట్టింది. ఆకుపచ్చ సున్నం మీద తెల్లగా, నా చేతిరాతతో, బలపంతో రాసి ఉంది.

తల.

నేల మీద గీత కూడా పూర్తిగా చెరగలేదు. ఆరు, ఆరున్నర. మూలల్లో నేను మాత్రమే వేసే చిన్న అడ్డగీతలు.

వచ్చే బేరాల్లో పదింట తొమ్మిది హిందువులవి, వాళ్లకు తల తూర్పుకన్నా ఉండాలి, దక్షిణానికన్నా ఉండాలి. నేను అడగకముందే చెబుతారు. ఇప్పుడు చెప్పకపోయినా నేనే గీసేస్తాను. మా వాళ్లయితే వాళ్ల దిక్కు వాళ్లే చూసుకుంటారు, నా చేత గీయించుకోరు. నా ఇంట్లో నాకు దిక్కు చెప్పేవాళ్లు లేరు. కొడుకు కోసం టేపు పట్టుకున్న రోజు, చెయ్యి ఎప్పటిలాగే పోయింది. తూర్పు గోడ మీద రాసింది. పోనీ నేలన్నా తొక్కించి చూశానా అంటే అదీ లేదు. ఆ రోజు ఆపాను పిలిచి గీత చుట్టూ ఒకసారి నడవమని ఉంటే ఆమె గీత తొక్కేది కాదు, గీసిన దిక్కు చూసేది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఎనిమిదడుగుల గదికి ఆరడుగుల మంచం ఎవడు అడిగినా నేను ఇవ్వను. నా కొడుక్కి ఇచ్చాను. పరుపుల ఇనాయతుల్లా కోడలు ఐదడుగుల మంచం మీద పడుకుందని గిద్దలూరు వియ్యంకులు అనకూడదని ఇచ్చాను.

"దేవదానం, మంచం కోయి," అన్నాను.

"భాయ్?"

"అడుగు తీసేయి. వెడల్పు ఐదు చాలు. ఎనిమిదిలో ఐదు పోతే మూడు మిగులుతాది, తలుపు తెరుచుకుంటాది. తల దక్షిణానికి. పార్టిషన్ ముట్టుకోవద్దు."

దేవదానం మంచాన్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాడు. తలబోర్డు ఒకే పలక అని, మధ్యలో పువ్వు చెక్కాడని, ఒక పక్క అడుగు తీస్తే పువ్వు మధ్యలో ఉండదని చెప్పాడు. పరుపయితే దుకాణంలో మార్చుకోవచ్చు గానీ టేకు మళ్లీ అతకదని కూడా చెప్పాడు. ఒకసారి కోశాక వద్దనుకుంటే తన దగ్గర మందు లేదన్నాడు. నేను టేపు తీసి అతని చేతికిచ్చాను.

ఇర్ఫాన్ మంచం మధ్యకు జరిగి కాళ్లు బార్లా చాచాడు.

"కోయాలంటే నేను ఉండగానే కోయమను. షాపులో వచ్చినోడికల్లా నేను కింగ్ సైజు గురించి చెప్తా. నా ఇంట్లో పువ్వు పక్కకు పోయిన మంచమా? మామావాళ్లు వచ్చి చూసిపోయినారు. మళ్లీ వస్తే ఏం చెప్పాల, మంచం ఎండకు కుంచించుకుపోయిందని చెప్పాలా?"

"నిద్రపోయేవాడికి రెండున్నర అడుగులు చాలు. ఇద్దరికి ఐదు. ఆ ఆరో అడుగు చూడ్డానికొచ్చేవాళ్లది. వాళ్ల కోసం ఆమెను బేస్తవారిపేట పంపిస్తావా?"

 వాడు కదల్లేదు. మనిషి మీద ఉండగా తాను రంపం పెట్టనని దేవదానం అన్నాడు.

నేను బయటికి వచ్చాను. ఆపా అప్పటికే ఆటోలో కూర్చుంది. మూట పక్కన పెట్టుకుంది. నేను కమ్మీ పట్టుకుని వంగి, తప్పు వాడిది కాదు, నాది, గీసింది నేనేనని చెప్పాను. మంచం కోయిస్తున్నానని, ఆమె మూడడుగులు ఆమెకు ఉంటాయని, అర అడుగు కూడా ఎవడూ ముట్టుకోడని చెప్పాను. నా జీవితంలో ఏ బేరానికీ అంత తగ్గి మాట్లాడలేదు.

ఆపా మొదటిసారి నా ముఖం చూసింది.

"మంచం అంటే కోస్తావు ఇనాయత్. వాడన్న మాటను ఏ రంపంతో కోస్తావు?"

"పిల్లోడు ఆపా. కోపంలో అన్నాడు."

"కోపంలో అంటే మరిచిపోయేదాన్ని. లెక్క చూసి అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. నా మంచం తీస్తే వాళ్ల మంచం తిరుగుతాది." కమ్మీ మీద నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. "మాల్యాద్రీ, పోనీ నాయనా."

అతను నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఇంట్లోంచి షాహీన్ వచ్చింది. బురఖా వేసుకుని ఉంది, చేతిలో సంచి ఉంది. నన్ను దాటుకుని వెళ్లి ఆపా పక్కన కూర్చుంది.

"నువ్వు యాడికమ్మా?"

"గిద్దలూరుకు మామా. బేస్తవారిపేట దారిలోనే కదా. ఫుప్పిని దించి, ఆడ బస్సెక్కుతా."

ఇదేం పని అని అడిగాను. ఆమె సంచి ఒళ్లోకి తీసుకుంది.

"రెండు నెలల కోడలు ముసలామెను వెళ్లగొట్టింది అంటారు. ఇంకేమంటారు మామా? నేను అడుగు అడగలేదు, అర అడుగు అడగలేదు. మంచం ఎంత కావాలని మీరిద్దరూ నన్ను అడగనే లేదు. కానీ పేరు నాదే పోతాది. ఆమె ఈ ఇంట్లో లేకపోతే నేనూ లేను. ఎన్ని అడుగులు వేసుకుంటారో వేసుకోండి."

ఆపా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దిగమంది. షాహీన్ దిగలేదు. ఇద్దరిలో ఎవరూ దిగరని అర్థమయ్యాక మాల్యాద్రి నన్ను మళ్లీ చూడలేదు. ఆటో కదిలింది. సందు మలుపులో మంచం కాలు ఒకటి కరెంటు తీగకు తగలబోయి తప్పుకుంది. గుమ్మాల్లో ఉన్నవాళ్లు నా ముఖం చూసి లోపలికి వెళ్లిపోయారు.

తిరిగి గదిలోకి వచ్చేసరికి ఇర్ఫాన్ మంచం దిగి ఉన్నాడు. వెనకాల పరుగెత్తడానికి దిగాడనుకున్నాను. వాడు దేవదానం సంచిలోంచి సుత్తి తీసుకుని పార్టిషన్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మేకులు ఊడబీకుతున్నాడు.

"నీ పెళ్లాం కూడా పోయింది," అన్నాను.

వాడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకా గట్టిగా లాగాడు. మేకు కిర్రుమంది.

"ఆమె మంచం పోయింది కదా. ఇంక ఎవరి కాళ్లకు ఈ జాగా? తిప్పేస్తా. ఆరడుగులే ఉంటాది."

 పరుపు పట్టి నేల మీదకు లాగేశాను. బలపం తీసి తలబోర్డు మీద, పువ్వుకు పక్కగా, పై నుంచి కింది దాకా ఒక గీత గీశాను.

"దేవదానం, ఇప్పుడు మనిషి లేడు. కోయి."

అతను నన్ను చూశాడు, వాణ్ని చూశాడు. శిలువ గుర్తు వేసుకునేవాడు కాదు గానీ ఆ రోజు పెదవులు కదిపాడు. తర్వాత చేతి రంపం తీసి గీత మీద పెట్టాడు.

ఒక గదిలో ఒక పక్క రంపం, ఒక పక్క సుత్తి. నేను మధ్యలో నిలబడి లెక్క వేశాను. ఇద్దరి పనీ పూర్తయితే, ఆరడుగుల మంచానికి జాగా ఉంటుంది, ఆరడుగుల మంచం ఉండదు. ఐదడుగుల మంచం ఉంటుంది, ఆపాకు అడ్డం ఉండదు. ముప్పై ఏళ్లలో ఇంత దండగ బేరం నేను చేయలేదు. అయినా ఎవరినీ ఆపలేదు. వాడు ఆపితే నేను ఆపుదామనుకున్నాను. వాడూ అదే అనుకుని ఉంటాడు.

చివరి మేకు ఊడింది. ప్లైవుడ్ షీట్ ముందుకు వంగి ఇర్ఫాన్ భుజం మీదుగా నేల మీద పడింది.

వెనకాల ఖాళీ కనపడాలి. కనపడలేదు.

ఆపా బొంతలు నాలుగూ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి రెండు వరసలుగా, అటు వైపు నుంచి పార్టిషన్ చట్రానికి మేకులు కొట్టి ఉన్నాయి. తలబోర్డు తగిలే ఎత్తులో. ఆ చివర నుంచి ఈ చివరకు జానలతో కొలిచి కొట్టినట్టు, సరిగ్గా మంచం వెడల్పు ఎంతో అంత. తలలు పడమటికి తిరిగిన రోజు నుంచి, వీళ్ల మాట తన చెవిన పడకుండా, తన దగ్గు వీళ్ల దిండుకు తగలకుండా. ఆ రెండు రాత్రులూ ఆమె ఉత్త నవారు మీద పడుకుంది.

ఇర్ఫాన్ ఒక బొంత అంచు పట్టుకుని అట్లాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు.

సుత్తి ఆగింది.

రంపం ఆగలేదు. ఆపమని నేను చెప్పలేదు.